కృష్ణదేవిపేట, మన్యం పోరు స్థలాలు

అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలో, తూర్పు కనుమలు మొదలయ్యే చోట ఉన్న ఊరు కృష్ణదేవిపేట. చుట్టుపక్కల వాళ్లు కేడీపేట అంటారు. 1922 ఆగస్టు నుంచి 1924 మే దాకా గూడెం, రంప కొండల్లో జరిగిన సాయుధ పోరాటం ఈ ఊరిని రెండుసార్లు తాకింది. 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దళం ఇక్కడి పోలీసు స్టేషన్‌ను ముట్టడించి ఆయుధాలు పట్టుకుపోయింది. ఇరవై నెలల తర్వాత, 1924 మే 8న, ఆయన దేహాన్ని ఇక్కడికే తెచ్చి తాండవ నది ఒడ్డున దహనం చేశారు. ఇప్పుడు అక్కడ ఆయన సమాధి ఉంది. జూలై 4 జయంతికీ, మే 7 వర్ధంతికీ జనం వస్తారు, దండలు వేస్తారు, వెళ్లిపోతారు. అయితే మన్యం పోరుకు స్మారకం ఏ ఒక్క సమాధిలోనో, విగ్రహంలోనో ఇమిడేది కాదు. కొండెక్కే ఘాట్ రోడ్డు, మూడు పోలీసు స్టేషన్లు, దామనపల్లి లోయ, మంప, కొయ్యూరు, నర్సీపట్నంలో ఉన్న ఇద్దరు ఇంగ్లీషు అధికారుల సమాధులు, వీటన్నిటినీ కలిపి చూసినప్పుడే ఆ పోరాటం ఎందుకు పుట్టిందో, ఎలా నడిచిందో, ఎవరు చేశారో అర్థమవుతుంది. కృష్ణదేవిపేట ఆ చుట్టుతోవకు వాకిలి. చాలామందికి అదే గమ్యమైపోవడం మన స్మారక సంస్కృతిలో ఉన్న పెద్ద లోటు.

ముందు నేల సంగతి. గూడెం కొండల్లో, రంప కొండల్లో ఉండేవాళ్లు కోయలు, కొండదొరలు, కొండరెడ్లు, భగతలు, వాల్మీకులు తదితర గిరిజనులు. కొండవాలు మీద చెట్టూ పొదా నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తి, రెండు మూడేళ్లకు వేరే వాలుకు మారే పోడు వ్యవసాయం వాళ్ల బతుకు. ఊళ్ల గుంపును ముఠా అనేవారు, దాని పెద్ద ముఠాదారు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి రిజర్వు అయింది. పోడు నేరమైంది, మేతకూ కట్టెకూ కూడా పైవాళ్ల అనుమతి కావలసి వచ్చింది. ముఠాదారు ఊళ్ల పెద్దగా కాక, సర్కారు చెప్పిన పని చేయించే మనిషిగా మారాడు. మాట వినకపోతే ముఠా ఊడేది. చట్టానికి ముందే ఈ కొండలు చాలాసార్లు తిరగబడ్డాయి. గొలుగొండ ప్రాంతంలో 1840లలోనూ, 1857-58లోనూ తిరుగుబాట్లు జరిగాయి. 1879-80లో రంపలో పెద్ద ఫితూరీ, అంటే తిరుగుబాటు, లేచింది. ముఠాదారులకు పైవాడైన మన్సబుదారు పెత్తనం, కల్లుగీత మీద పన్ను, అప్పులిచ్చి భూములు లాక్కునే మైదానపు వ్యాపారులు దానికి కారణాలు. ద్వారబందాల చంద్రయ్య, అమ్మల్ రెడ్డి దానికి నాయకులు. 1886లో గూడెంలో మరొకటి, 1915-16లో లాగరాయి ఫితూరీ. 1922 నాటి పోరు ఈ వరుసలోదే. సమాధి దగ్గర నిలబడ్డ సందర్శకుడికి ఈ వరుస తెలియకపోతే, ఎక్కడినుంచో వచ్చిన ఒక సాహసి కొండల్లో అగ్గి రాజేశాడనే కథే మిగులుతుంది.

కారణాల్లో కంటికి కనబడేది, ఇప్పటికీ వాడుకలో ఉన్నది ఒకటుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే ఘాట్ రోడ్డు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో ఈ రోడ్డు పనికి గిరిజనులను బలవంతంగా దింపారు. కూలి నామమాత్రం, అదీ సరిగా చేతికందేది కాదు. పని ఎగ్గొడితే దెబ్బలు. రోడ్డు వేయించింది అడవి సరుకు దించడానికి, పోలీసులను, అధికారులను ఎక్కించడానికి. కొండ మీద వాళ్ల ఇష్టంతో దానికి నిమిత్తం లేదు. చలికాలంలో ఇప్పుడు వేలమంది మంచు చూడటానికి లంబసింగి ఎక్కుతున్నారు. బండి మలుపు తిరిగినప్పుడల్లా కింద లోయా, పైన కాఫీ, మిరియాల తోటలూ కనిపిస్తాయి. ఆ మలుపుల్లో ఏ రాయీ పోరాటం పేరు చెప్పదు, అయినా ఈ ప్రాంతంలోని స్మారకాలన్నిటిలో సూటిగా మాట్లాడేది ఈ రోడ్డే. విగ్రహం ఫలానా మనిషి వీరుడని చెబుతుంది. ఆయన వెనక అన్ని ఊళ్లు ఎందుకు నడిచాయన్నది ఈ రోడ్డు చెబుతుంది. ఘాట్ మొదట్లో ఈ సంగతి చెప్పే ఒక పలక పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

సీతారామరాజు 1897 జూలై 4న భీమునిపట్నం దగ్గరి పాండ్రంగిలో పుట్టాడు. తండ్రి ఊరు భీమవరం దగ్గరి మోగల్లు. 1917లో సన్యాసి వేషంలో ఈ కొండల అంచుకు చేరి కృష్ణదేవిపేటలో నిలదొక్కుకున్నాడు. చిటికెల భాస్కరుడి కుటుంబం ఆయనకు ఆసరా ఇచ్చింది. పూజ, జపం, మూలికా వైద్యం, జ్యోతిషం, వీటితోపాటు తగవులు తీర్చడం ఆయనను గిరిజనులకు దగ్గర చేశాయి. కోర్టులకు వెళ్లొద్దని, తాగుడు మానమని, ఊరి పంచాయితీలోనే తేల్చుకోమని చెప్పేవాడు. సహాయ నిరాకరణ నాటి గాలి ఆ మాటల్లో ఉంది. పోలీసులు అనుమానించి 1922 మొదట్లో నిర్బంధించారు. డిప్యూటీ కలెక్టరుగా ఉన్న ఫజులుల్లా ఖాన్ ఆయన పట్ల ఆదరంతో పైడిపుట్టలో భూమి ఇప్పించి స్థిరపరచాలని చూశాడు. ఈ ముస్లిం అధికారి పేరు జనం కథల్లో పెద్దగా వినపడదు. అదే సమయంలో ముఠా పోగొట్టుకున్న బట్టిపనుకుల ముఠాదారు గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర బాస్టియన్ మీద కోపంతో రగులుతున్నారు. వాళ్లకున్న ఊళ్ల బలం, రాజుకున్న మాట బలం కలిశాకే తిరుగుబాటు ఒక రూపానికి వచ్చింది.

1922 ఆగస్టు 22న సుమారు 300 మందితో చింతపల్లి స్టేషన్ మీద పడ్డారు. 11 తుపాకులు, కత్తులు, బాయినెట్లు, 1,390 తూటాలు దొరికాయి. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. రాజవొమ్మంగిలో పోలీసులు కొంత ఎదిరించారు. అయినా దళం ఆయుధాలు తీసుకుని, అక్కడ బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించింది. మూడు రోజుల్లో 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పోరాటకారుల చేతికి వచ్చాయి. తీసుకున్న ఆయుధాల వివరం స్టేషన్ పుస్తకంలో రాసి రాజు సంతకం పెట్టాడని చెప్పే కథ ఆంధ్రదేశమంతటా తెలుసు. మిరపకాయలు కట్టి ముందే కబురు పంపే మిరప టపా కథ దానికి తోబుట్టువు. కథల్లో ఎంత కలిసినా, మూడు దాడుల తీరు ఒక సంగతిని గట్టిగా చెబుతుంది: ఇది దోపిడి కాదు, పగ తీర్చుకోవడమూ కాదు. స్టేషన్లలోని భారతీయ సిబ్బందిని చంపకుండా ఆయుధాలు మాత్రం తీసుకోవడం ఒక క్రమశిక్షణ. పటంలో ఈ మూడు ఊళ్లనూ గీతతో కలిపితే పోరాట వ్యూహం కూడా కనిపిస్తుంది. చింతపల్లి కొండ మీద, కృష్ణదేవిపేట కొండ దిగువన, రాజవొమ్మంగి అప్పటి గోదావరి జిల్లా వైపున. మైదానం నుంచి కొండల్లోకి బలగాలు పోయే దారుల్లో ఉన్న ఠాణాలివి. ఒక్క కృష్ణదేవిపేట చూసినవారికి ఈ గీత కనిపించదు. మూడూ తిరిగినవారికి, ముఖ్యంగా వర్షాకాలంలో తిరిగినవారికి, కాలినడకన మూడు రోజుల్లో ఇంత దూరం తిరిగిన దళం ఒంటిబలం ఎంతటిదో తెలుస్తుంది.

సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర జరిగింది ఈ పోరులో అతి పెద్ద దెబ్బ. ఇరుకైన దారిలో పోలీసు బలగం వరుసగా వస్తోంది. కొండవాలు మీద కాపు కాసిన దళం ముందు నడిచే భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వస్తున్న ఇంగ్లీషు అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చింది. ఇద్దరూ అక్కడే చనిపోయారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. అంటే ఒకే పోరాటంలో ఎదురెదురుగా నిలిచిన పక్షాల సమాధులు పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్నాయన్నమాట. ఇలాంటి జోడీ మన రాష్ట్రంలో అరుదు. నర్సీపట్నం మీదుగా కృష్ణదేవిపేట పోయేవాళ్లలో చాలామందికి ఆ సమాధుల సంగతే తెలియదు. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: గిరిజనులను అణచడానికి వచ్చినవాళ్ల గోరీలను మనమెందుకు కాపాడాలి? ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ కాపాడటమూ గౌరవించడమూ ఒకటి కావు. ఆ రెండు గోరీలు అధికారులకు గుర్తు ఎంతో, గిరిజనుల యుద్ధనైపుణ్యానికి సాక్ష్యం అంత. మద్రాసు ప్రభుత్వం శిక్షణ పొందిన అధికారులను పంపింది, కొండవాళ్లు వాళ్లను తమ నేల మీద ఓడించారు. ఆ సంగతికి రాతిలో ఉన్న రుజువును చెరిపేస్తే నష్టం మనకే. అక్కడ ఉండవలసింది పూలదండ కాదు, ఎవరు, ఎందుకు, ఎక్కడ చనిపోయారో తెలుగులో చెప్పే పలక.

ఆ తర్వాత పోరు చాలాకాలం సాగింది. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీదికి దళం వెళ్లింది. మలబారు స్పెషల్ పోలీసులు దిగారు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర జరిగిన పోరులో దళానికి పెద్ద నష్టం కలిగింది. 1923 ఏప్రిల్‌లో రాజు అన్నవరం వచ్చి దేవుణ్ణి దర్శించుకుని వెళ్లాడు. జనం ఆయనను చూసి ఆదరించారు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ వచ్చాయి. ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక అధికారిగా వచ్చాక ఊళ్ల మీద ఒత్తిడి భరించరానిదైంది. తిండి ఇచ్చిన ఊరిని శిక్షించడం, కాపలా పెట్టడం, పంట తొక్కించడం. మే 7న మంప దగ్గర రాజును పట్టుకున్నారు. కొయ్యూరుకు తెచ్చి, మేజర్ గుడాల్ ఆజ్ఞ మీద చెట్టుకు కట్టి కాల్చారు. విచారణ లేదు, కోర్టు లేదు. పారిపోబోతుంటే కాల్చామని సర్కారు చెప్పింది. నెల తర్వాత, జూన్ 7న, గంటందొర కూడా పోలీసు తూటాలకు బలయ్యాడు. మంపలో పట్టుకున్న చోటు, కొయ్యూరులో కాల్చిన చోటు అని ఊరివాళ్లు చూపే స్థలాలను కొందరు చరిత్రకారులు అనుమానంతో చూస్తారు. ఏ చెట్టు, ఏ మడుగు అన్నది వందేళ్ల తర్వాత ఎవరు తేల్చగలరని వాళ్ల మాట. ఆ జాగ్రత్త అవసరమే. అయితే దానికి మందు ఆ చోట్లను వదిలేయడం కాదు. కాగితాల్లో ఉన్నది ఇదీ, ఊరి నోట ఉన్నది ఇదీ అని విడివిడిగా రాయడం. రాజు చనిపోలేదని, సన్యాసిగా ఎక్కడో బతికే ఉన్నాడని దశాబ్దాలపాటు జనం నమ్మారు. ఆ నమ్మకాన్ని అబద్ధమని కొట్టేసినా, విచారణ లేని చావు జనం మనసులో ఎంత లోతుగా దిగిందో అది చెబుతుంది. సర్కారు మాటను ఎవరూ నమ్మలేదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

యుద్ధ జ్ఞాపకం చుట్టూ యాత్ర ఎలా అల్లుకుంటుందో చూడటానికి థాయిలాండులోని కాంచనబురి మంచి పోలిక. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం థాయిలాండులోని బాన్ పోంగ్ నుంచి బర్మాలోని తన్‌బ్యుజయాత్ వరకు 415 కిలోమీటర్ల రైలుమార్గాన్ని ఏడాదిలో వేయించింది. 1943 అక్టోబరు 17న పట్టాలు కలిశాయి. 60,000కు పైగా మిత్రపక్ష ఖైదీలు పనిచేశారు, వారిలో 12,000కు పైగా చనిపోయారు. కాంచనబురి శ్మశానంలో 6,982 మంది పేరు పేరునా పడుకుని ఉన్నారు, గడ్డి కత్తిరించిన వరుసల్లో, రాతి మీద వయసూ రెజిమెంటూ సహా. అదే పట్టాల మీద మలయా, బర్మా, జావాల నుంచి తెచ్చిన ఆసియా కూలీలు దాదాపు రెండు లక్షలమంది. వాళ్లలో చచ్చినవాళ్లు ఖైదీలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మలయా రబ్బరు తోటల నుంచి పోయినవారిలో తమిళులు ఎక్కువ, తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లకు పేర్లతో వరుసలు లేవు. యుద్ధం సాగుతుండగానే 1944లో జపాను సైన్యం చనిపోయినవాళ్లందరి పేరిట ఒక స్తూపం కట్టించి, దాని మీద తమిళంలో కూడా రాయించింది. కాని మనిషి మనిషికీ రాయి పడింది ఖైదీలకే. ఇప్పుడు యాత్రికులు క్వాయి నది వంతెన, శ్మశానం, హెల్‌ఫైర్ పాస్ మ్యూజియం, దగ్గరలోని గుహాలయాలు, ఖ్మేర్ కాలపు మువాంగ్ సింగ్ శిథిలాలు ఒకే చుట్టుతోవలో చూస్తారు. అక్కడి నుంచి మనం నేర్చుకోవలసినవి రెండు. ఒకటి, విడి విడి చోట్లను ఒకే యాత్రగా అల్లితే జ్ఞాపకం నిలబడుతుంది. రెండోది బాధాకరమైనది: జాబితా రాసి పెట్టుకున్నవాళ్ల చావే స్మారకమవుతుంది, రాయనివాళ్లది మాయమవుతుంది.

ఈ రెండో మాట మన్యానికి అచ్చంగా వర్తిస్తుంది. ఎండు పడాలు, గోకిరి ఎర్రేసు, అగ్గిరాజుగా పేరుపడి అండమానులో చనిపోయిన పేరిచర్ల సూర్యనారాయణరాజు, వీళ్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి, జనం నోట తక్కువ. తిండి పెట్టిన ఆడవాళ్లు, కబురు మోసిన పిల్లలు, జైళ్లలో మగ్గిన ముఠాదారులు మరీ తక్కువ. ఇక్కడ ఇంకో అభ్యంతరం ఉంది, అది బలమైనది: రాజు లేకపోతే ఆ పోరాటమే లేదు, ఆయనను కేంద్రంగా పెట్టడంలో తప్పేముంది? తప్పేమీ లేదు. అంతకు ముందరి ఫితూరీలకు లేని క్రమశిక్షణ, ప్రచారం, కొండ దాటి మైదానానికి వినిపించే గొంతు ఆయన వల్లే వచ్చాయి. మొదట్లో కాంగ్రెసు నాయకులు దూరం పెట్టిన ఈ పోరాటాన్ని చివరికి వాళ్లే గౌరవించవలసి వచ్చింది. హింసను ఒప్పుకోని గాంధీ కూడా 1929లో ఆయన ధైర్యాన్నీ త్యాగాన్నీ మెచ్చుకున్నాడు. కానీ కేంద్రం ఉండటం వేరు, చుట్టూ ఏమీ లేకపోవడం వేరు. రాజు ఒక్కడే నిలబడి ఉన్న స్మారకం ఆయనకే అన్యాయం చేస్తుంది, ఎందుకంటే ఆయన చేసిన పెద్ద పని తుపాకీ పేల్చడం కాదు, వేర్వేరు ముఠాలను, తెగలను ఒక మాట మీదికి తేవడం. 1974లో కృష్ణ నటించిన అల్లూరి సీతారామరాజు సినిమా చింతపల్లి పరిసరాల్లోనే తీశారు. అది రెండు తరాలకు రాజు ముఖాన్ని ఇచ్చింది. సినిమా చేయగలిగింది అది చేసింది. మిగతా ముఖాలను ఇవ్వవలసింది స్మారకాలు, బడిపుస్తకాలు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. చింతపల్లి, కొయ్యూరు అందులోకి వెళ్లాయి. కృష్ణదేవిపేట, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. పాండ్రంగి విశాఖపట్నం జిల్లాలో, మోగల్లు పశ్చిమ గోదావరిలో. ఆయన పేరు పెట్టుకున్న జిల్లాలో ఆయన పుట్టిన ఊరూ లేదు, సమాధీ లేదు. ఇది ఎవరి తప్పూ కాదు, పరిపాలనా సౌలభ్యం దారి పరిపాలనది. చిక్కల్లా ఎక్కడంటే, ఒక్కో చోటు ఒక్కో జిల్లా కలెక్టరు కింద ఉండగా, వాటిని కలిపే పని ఎవరి బల్ల మీదా ఉండదు. 2022 జూలై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. మోగల్లులో ధ్యానమందిరం, చింతపల్లి స్టేషన్ పునరుద్ధరణ, లంబసింగి ప్రాంతంలో గిరిజన స్వాతంత్ర్య యోధుల మ్యూజియం అప్పుడు ప్రస్తావించినవాటిలో ఉన్నాయి. వీటిలో పాత ఠాణా పునరుద్ధరణ, మ్యూజియం నా దృష్టిలో విగ్రహం కంటే విలువైనవి. విగ్రహాన్ని తల ఎత్తి చూస్తాం. ఠాణా గదిలో నిలబడితే మాత్రం తుపాకులు పెట్టిన మూల ఎక్కడ, పారా ఎక్కడ, కిటికీలోంచి కొండ ఎంత దూరం అని అడుగుతాం. చరిత్ర తెలుసుకోవడం అలాంటి ప్రశ్నలతోనే మొదలవుతుంది.

నర్సీపట్నం వెళ్లే దారిలో, అనకాపల్లి పక్కన శంకరం ఊరి దగ్గర, బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. వీటిని ఈ యాత్రలో కలపడం అతికించినట్టు ఉంటుందని అనేవారుంటారు. వెయ్యేళ్లకు పైగా పాతవైన బౌద్ధ గుహలకూ 1922 పోరుకూ సంబంధమేమిటి? చరిత్రలో సంబంధం లేదు, ఉందని చెప్పడం తప్పు. జ్ఞాపకం ఎలా నిలుస్తుంది, ఎలా తప్పిపోతుంది అన్నదానికి మాత్రం ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. బొజ్జన్నకొండ తూర్పు వాలున రాతిని తొలిచిన గుహలు, వాటి గోడల మీద బుద్ధ విగ్రహాలు ఉన్నాయి. పెద్ద గుహలో పదహారు స్తంభాల మధ్య రాతిలోనే మలిచిన స్తూపం. పక్కనున్న లింగాలకొండ మీద రాతినే చెక్కిన మొక్కుబడి స్తూపాలు వరుసలు వరుసలుగా కనిపిస్తాయి, దూరం నుంచి చూస్తే శివలింగాల గుంపులా. అందుకే ఆ పేరు. 1906-08 ప్రాంతంలో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ తవ్వినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం, తూర్పు చాళుక్య కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. క్రీస్తుశకం నాలుగు నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా ఇక్కడ భిక్షువులున్నారని పండితుల అంచనా. భిక్షువులు పోయారు, వాళ్లెవరో మర్చిపోయారు. కనుమ నాడు వేలమంది చేరి, బొజ్జ ఆకారంలో ఉన్న ఒక రూపాన్ని రాక్షసుడనుకుని రాళ్లతో కొట్టే ఆచారం చాలాకాలం నడిచింది. వారసత్వ సంఘాలవాళ్లు నచ్చజెప్పాక అది తగ్గింది. ఆ జనంలో ద్వేషం లేదు. చెప్పేవాడు లేని చోట జనం తమకు తోచిన కథ కట్టుకున్నారు, అంతే. బుద్ధుణ్ణే రాక్షసుణ్ణి చేయగలిగిన మరుపు, గంటందొరను ఊరూపేరూ లేనివాణ్ణి చేయడానికి ఎంతసేపు? గుహ చూసి కొండెక్కినవాడు ఈ హెచ్చరికతో కొండెక్కుతాడు. అందుకే ఆ మజిలీ.

విశాఖపట్నంలో యుద్ధ స్మారకాలు మెరుగ్గా ఉన్నాయి. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా సముద్రతీరంలో కట్టిన స్తూపం, 2002లో ప్రజలకు తెరిచిన కురుసుర జలాంతర్గామి మ్యూజియం నిత్యం కిటకిటలాడుతుంటాయి. నౌకాదళానికి నిధులు, సిబ్బంది, రికార్డులు ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద వేసిన బాంబుల్లో చనిపోయినవాళ్ల జ్ఞాపకం మాత్రం అంత గట్టిగా లేదు. అక్కడా అదే సూత్రం: వెనక ఒక సంస్థ ఉన్న జ్ఞాపకం నిలుస్తుంది.

ఇక మిగిలిన అభ్యంతరమే అన్నిటికంటే గట్టిది. యాత్రికులు పెరిగితే మన్యానికి మేలా, కీడా? లంబసింగి చూసినవారికి ఈ భయం అర్థమవుతుంది. చలికాలంలో వారాంతాల్లో రోడ్డు నిండా బండ్లు, గుడారాలు, ప్లాస్టిక్ సీసాలు. అడవి కోసం జరిగిన పోరాటాన్ని చూపిస్తామని అడవినే తొక్కించడం ఎంత అన్యాయం! కాని ఈ భయానికి జవాబు ఈ నేల చట్టంలోనే కొంత ఉంది. 1959 భూబదిలీ నిబంధనలకు 1970లో చేసిన సవరణ, జనం భాషలో వన్ ఆఫ్ సెవెంటీ, షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు పోకుండా కట్టడి చేస్తుంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు గనుల విషయంలో దాన్నే గట్టిపరిచింది. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూములకు పట్టాలిచ్చే దారి తెరిచింది. అంటే 1922లో ఏ హక్కు కోసం కొండలు లేచాయో, దాని తునకలు ఇప్పుడు చట్టంలో ఉన్నాయి. యాత్ర ఆ చట్టానికి లోబడి నడవాలి. బస, భోజనం, దారి చూపడం గిరిజన కుటుంబాలకూ, మహిళా సంఘాలకూ దక్కాలి. దామనపల్లి దారి చూపేవాడు ఆ కొండ బిడ్డే అయితే, కథ చెప్పేదీ తనే అవుతాడు, నాలుగు రూపాయలు సంపాదించుకునేదీ తనే అవుతాడు. రిసార్టు కట్టి బయటివాళ్లను గైడ్లుగా పెడితే ఏ అన్యాయం మీద తిరగబడ్డారో దాన్నే మళ్లీ వేరే పేరుతో తెచ్చినట్టు. ఇక్కడ రాజీ లేదు.

ఈ చోట్లను చూడదలచినవారు విశాఖ వైపు నుంచి వస్తే అనకాపల్లిలో దిగి ముందు బొజ్జన్నకొండ చూసుకోవచ్చు. గోదావరి వైపు నుంచి వచ్చేవారికి తుని స్టేషన్ దగ్గర. నర్సీపట్నంలో కవర్డ్, హైటర్ సమాధుల దగ్గర కాసేపు ఆగండి. అక్కడి నుంచి కృష్ణదేవిపేట, కొయ్యూరు, మంప, తర్వాత చింతపల్లి, లంబసింగి ఘాట్ మీదుగా దిగుడు. రాజవొమ్మంగి, అడ్డతీగల, రంపచోడవరం మరో రోజు పని. వర్షాకాలంలో వాగులు పొంగుతాయి కనుక శీతాకాలం మేలు. చెత్త వెనక్కి తెచ్చుకోవాలి, ఇళ్ల ముందు అడగకుండా ఫొటోలు తీయకూడదు. పిల్లల్ని తీసుకెళ్లేవారు రాజు కథతోపాటు మల్లుదొర కథ కూడా చెప్పండి: ఉరిశిక్ష పడి, అది అండమాను ద్వీపాంతరంగా మారి, ప్రాణాలతో తిరిగొచ్చిన ఆ గిరిజన యోధుడు 1952లో జరిగిన తొలి లోక్‌సభ ఎన్నికల్లో విశాఖపట్నం నియోజకవర్గం నుంచి గెలిచి పార్లమెంటులో కూర్చున్నాడు.